కేశకాల్ ఎక్కితే గోదావరి నీళ్లే

భిలాయి వైశాలి నగర్ నుంచి మాట్లాడుతున్నాను.

నవంబరు ఒకటో తేదీ వస్తే మా ఇంట్లో రెండు రాష్ట్రాల పేర్లు తలుచుకుంటాం. 1956లో ఆ రోజున ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2000లో సరిగ్గా అదే రోజున మధ్యప్రదేశ్ నుంచి వేరుపడి ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. మా పెద్దల రాష్ట్రానికీ, మాకు అన్నం పెట్టిన రాష్ట్రానికీ పుట్టినరోజు ఒక్కటే.

భిలాయి ఉక్కు కర్మాగారాన్ని సోవియట్ యూనియన్ సాయంతో కట్టారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చినవాళ్లలో మా నాన్నగారు ఒకరు. ఆయన తరవాత నేనూ అదే ప్లాంటులో, రైలు పట్టాలు చేసే మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. టౌన్‌షిప్ క్వార్టర్ ఖాళీ చేసి వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. అంటే రెండు తరాల జీవితం ఇక్కడే గడిచిపోయింది. కానీ సెలవు దొరికిందంటే మాకు తెలిసింది ఒకటే దారి. దుర్గ్‌లో రైలెక్కడం, రాయపూర్, రాయగడ దాటి విజయనగరంలో దిగడం. మా పిల్లలకు అరకు తెలుసు, బొర్రా గుహలు తెలుసు, సింహాచలం తెలుసు. పుట్టి పెరిగిన రాష్ట్రంలో ఏముందో మాత్రం వాళ్లకు మేము చూపించలేదు.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది మా మనవరాలి వల్ల. మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ నేషనల్ పార్కులకు వెళ్లిన పిల్లలకు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. అందులో అడిగినవన్నీ చూసి, తెలుసుకుని, రాసి ఇస్తే జూనియర్ రేంజర్ అని బ్యాడ్జి పెడతారు. ఆ పాప తన బ్యాడ్జి చూపించి ఫోన్లో అడిగింది, "తాతయ్యా, మీ స్టేట్‌లో నేషనల్ పార్కులు ఎన్ని?" అని. నాకు జవాబు తెలియలేదు. జవాబు మూడు. ఇంద్రావతి, కాంగేర్ లోయ, గురు ఘాసీదాస్. అప్పుడే మా ఇంటావిడా నేనూ ఒక నిర్ణయానికి వచ్చాం. ఇకపై ఏడాదిలో దొరికే సెలవు రోజుల్లో కొన్నింటిని ఈ రాష్ట్రానికే ఇవ్వాలని. అలా తిరిగి చూసినవాటిలో కొన్ని ఈ రోజు మీతో చెప్పుకోవాలని ఉంది.

మొదట దగ్గరి నుంచి మొదలుపెడదాం. భిలాయి-3 దాటి చరోడా వైపు వెళితే దేవబలోద ఊరు వస్తుంది. అక్కడ కలచురి రాజుల కాలం నాటి శివాలయం ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడి అది. గోడల చుట్టూ ఏనుగుల వరుసలు, వేట దృశ్యాలు, దేవతామూర్తులు చెక్కారు. శిఖరం పూర్తి కాలేదు. పక్కనే కోనేరు. శివరాత్రికి జాతర జరుగుతుంది. మా ఇంటి నుంచి స్కూటరు మీద అరగంట దారి. ప్లాంటు హారన్ మోత వినిపించేంత దూరంలో ఏడెనిమిది వందల ఏళ్ల గుడి ఉందని తెలియకుండా ఉద్యోగమంతా గడిపేశాను. అక్కడికి వెళ్లినప్పుడు తొందరపడకండి. ముందు ఒకసారి బయట ప్రదక్షిణ చేయండి. రెండోసారి గోడ కింది వరుసలు మాత్రమే చూడండి. రెండోసారి తిరిగినప్పుడు కనిపించే బొమ్మలు మొదటిసారి మన కంటికి ఆనవు.

దేవబలోద తరవాత రాయపూర్ దాటి మహానది వైపు వెళ్లాలి. భిలాయి, దుర్గ్‌ల పక్కన పారే శివనాథ్ నది చివరికి మహానదిలోనే కలుస్తుంది. మహానదితో పైరీ, సోంఢూర్ నదులు కలిసే చోట రాజిమ్ ఉంది. రాజీవలోచన స్వామి గుడి ఒడ్డున ఉంటే, కులేశ్వర మహాదేవుడి గుడి నది నడిమధ్య దిబ్బ మీద ఉంటుంది. మాఘ పౌర్ణమికి మొదలయ్యే మేళాకు ఛత్తీస్‌గఢ్ పల్లెలన్నీ తరలివస్తాయి.

రాజిమ్ దగ్గర్లోనే చంపారణ్యం అనే ఊరు ఉంది. తెలుగువాళ్లు ఈ ఊరి పేరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. పుష్టిమార్గ స్థాపకుడు వల్లభాచార్యులు 1479లో ఇక్కడే పుట్టారని ఆ సంప్రదాయం చెబుతుంది. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ. తెలుగు వైదిక కుటుంబం. కాశీలో దాడుల భయం పుట్టి దక్షిణానికి తిరిగి వస్తుండగా, దారిలో ఈ అడవిలో ఆమె ప్రసవించింది. ఈ రోజు గుజరాత్ నుంచి, రాజస్థాన్ నుంచి వేల మంది వైష్ణవులు ఆ ఊరికి యాత్రగా వస్తున్నారు. భిలాయిలో ఉన్న తెలుగువాళ్లం మాత్రం ఇక్కడ ఒక తెలుగు తల్లి బిడ్డను కన్నదని తెలియకుండా ఆ దారి పక్కనుంచే వెళ్లిపోతున్నాం.

అటు మహాసముంద్ జిల్లాలో, మహానది ఒడ్డున సిర్పూర్ ఉంది. పాత పేరు శ్రీపురం. దక్షిణ కోసల రాజధాని. అక్కడి లక్ష్మణ ఆలయం చూడ్డానికి మాత్రం ఒక పూట కేటాయించండి. ఏడో శతాబ్దం నాటి ఇటుక గుడి అది. మహాశివగుప్త బాలార్జునుడి తల్లి, రాణి వాసట, చనిపోయిన భర్త హర్షగుప్తుడి జ్ఞాపకంగా ఈ విష్ణ్వాలయం కట్టించింది. ద్వారబంధం రాతిది. దాని మీద శేషశాయి, అవతారాలు ఉన్నాయి. మిగతా శిఖరమంతా ఇటుకే. రాతిని చెక్కినంత నాజూకుగా ఇటుకను చెక్కారు. ఫర్నేసు లోపలి ఇటుక పని గురించి కొంత తెలిసినవాణ్ణి గనక, ఆ అతుకుల ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు వెతికినా దొరకదు.

1950లలో మొరేశ్వర్ దీక్షిత్ ఆధ్వర్యంలో సిర్పూర్‌లో తవ్వితే ఆనందప్రభు కుటి విహారం అనే బౌద్ధ విహారం బయటపడింది. తరవాతి తవ్వకాల్లో సురంగ్ టీలా అనే పెద్ద ఆలయ సముదాయం వెలుగుచూసింది. దాని మెట్లు అలలాగా వంగిపోయి ఉన్నాయి, పాత భూకంపమే కారణమంటారు. శైవం, వైష్ణవం, బౌద్ధం, జైనం నాలుగూ ఒకే ఊళ్లో పక్కపక్కనే బతికిన ఆనవాళ్లు కనిపిస్తాయి. చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ ఏడో శతాబ్దంలో కోసల దేశం చూసి, ఇక్కడి నుంచే ఆంధ్రదేశానికి, ఆ తరవాత ధాన్యకటకానికి వెళ్లాడు. ధాన్యకటకం అంటే మన అమరావతి. కోసల నుంచి కృష్ణాతీరానికి ఆ కాలంలోనే నడిచిన దారి ఉందన్నమాట. పిల్లలతో వెళితే సిర్పూర్ పక్కనే ఉన్న బార్నవాపారా అభయారణ్యంలో ఒక ఉదయం గడపండి. అడవిదున్నలు, జింకలు కనిపిస్తాయి.

ఇప్పుడు దక్షిణానికి, బస్తర్‌కు వెళదాం. భిలాయి నుంచి జగదల్‌పూర్ సుమారు మూడు వందల కిలోమీటర్లు. ధమ్‌తరి, కాంకేర్ దాటాక కేశకాల్ ఘాట్ వస్తుంది. పన్నెండు పెద్ద మలుపులు. డ్రైవరు మలుపుల లెక్క చెబుతుంటే పిల్లలు కిటికీలకు అతుక్కుపోతారు. ఆ ఘాట్ గురించి నాకు తెలిసిన ఒక సంగతి మీకు తప్పక చెప్పాలి. కొండ కింద, ఉత్తరాన కురిసిన వాన మహానదికి పోతుంది. ఘాట్ ఎక్కి దక్షిణానికి దిగితే అక్కడి వాగులన్నీ ఇంద్రావతికి పోతాయి. ఇంద్రావతి వెళ్లి భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ మలుపుల చివర కారు ఆపించి మా ఆవిడ అంది, "అయితే ఇక్కడి నీళ్లే భద్రాచలంలో మనం మునిగిన నీళ్లు" అని. అవును, అవే. ఊరు విడిచి ఎంతో దూరం వచ్చేశామనుకుంటాం గానీ, కేశకాల్ ఎక్కితే మళ్లీ గోదావరి నేలలోనే ఉంటాం.

ఇంద్రావతి జగదల్‌పూర్ దాటి నలభై కిలోమీటర్ల లోపున చిత్రకోట్ దగ్గర ఒక్కసారిగా కిందికి దూకుతుంది. గుర్రపు నాడా ఆకారంలో, ఇరవై తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెళితే ఎర్రమట్టి కలిసిన నీరు ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే తెర. చలికాలంలో వెళితే నీరు తెల్లబడి, పాయలుగా విడిపోయి, కింద పడవలు తిరుగుతాయి. రెండూ చూడాలి. వానాకాలంలో అంచుల దగ్గరికి మాత్రం వెళ్లకండి, బండలు జారుతాయి.

జగదల్‌పూర్‌కు దగ్గర్లోనే కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం ఉంది. 1982లో ప్రకటించారు. విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. సాల, టేకు, వెదురు కలిసి పెరిగే అడవి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండ మైనాకు ఇది ఇల్లు. మనిషి మాటను అచ్చంగా అనుకరించగలగడమే ఆ పక్షికి శాపమైంది, పంజరాల కోసం పట్టేశారు. ఇప్పుడు చుట్టుపక్కల గ్రామాల యువకులే దాని గూళ్లకు కాపలా కాస్తున్నారు. 2025లో ఈ ఉద్యానానికి యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దొరికింది. అదే విడతలో తెలంగాణ నుంచి నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు కూడా చేరాయి. ఆ రెండింటినీ మనవి అనుకోగలిగే హక్కు మనకుంది.

ఉద్యానం లోపల కుటుమ్‌సర్ గుహ ఉంది. వానాకాలంలో నీళ్లు నిండుతాయి కాబట్టి మూసేస్తారు, చలికాలంలో తెరుస్తారు. గైడు దీపం పట్టుకుని ముందు నడుస్తాడు. సన్నని దారిలో దిగి లోపలికి వెళ్లాక దీపం ఎత్తి చూపిస్తే, పైనుంచి వేలాడే రాతి ఊడలు, కింది నుంచి లేచిన రాతి మొలకలు. అదంతా సున్నపురాయి. ప్లాంటులో పనిచేసినవాళ్లకు సున్నపురాయి కొత్త కాదు. మా దగ్గరి నందిని గనుల నుంచి అది బండ్ల కొద్దీ వచ్చేది. ఇనుప ఖనిజంలోని మలినాలను పట్టి విడదీయడానికి దాన్ని ఫర్నేసులో వేస్తారు. నేను ఆ రాయిని ఎప్పుడూ టన్నుల్లోనే లెక్కపెట్టాను. గుహలో అదే రాయి చుక్కచుక్కగా కనిపించింది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ నీరు పైకప్పు నుంచి చుక్కగా కారేటప్పుడు కాస్త సున్నాన్ని అక్కడే వదిలిపెడుతుంది. వేల ఏళ్లకు అది ఒక ఊడ అవుతుంది. మన చేతి జిడ్డు అంటితే ఆ పేరుకోవడం ఆగిపోతుంది. అందుకే గైడు "చేయి పెట్టకండి" అంటే పెట్టకండి. ఆ గుహ నీటిలో చిన్న చేపలు ఉంటాయి. తరతరాలుగా చీకట్లో బతికి వాటి కళ్లు క్షీణించాయి. దీపం పెట్టి వాటిని వెంటాడకండి. చూసి, నిశ్శబ్దంగా వెనక్కి రండి.

కాంగేర్ వాగు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ వాగు ఒడ్డునే ధుడ్‌మారాస్ అనే ఊరు ఉంది. ధుర్వా గిరిజనుల పల్లె. అక్కడి కుర్రవాళ్లు వెదురు తెప్పల మీద మనల్ని వాగులో తిప్పుతారు. ఇంట్లో వండి పెడతారు. ఆ డబ్బు ఆ ఊళ్లోనే ఉంటుంది, అడవి నిలిస్తేనే ఆ రాబడి నిలుస్తుంది. అందుకని బస్తర్‌లో ఉండే రోజుల్లో ఒక రాత్రైనా ఇలాంటి ఊళ్లో బస చేయమని నా మనవి. సంతకు వెళ్లి చెవి ఒగ్గి వినండి. గోండీ మాట్లాడేవాళ్లు లెక్కపెడుతుంటే రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. మన రెండు, మూడు, నాలుగే అవి. నీళ్లను వాళ్లు ఏర్ అంటారు, మనకు ఏరు అంటే వాగు. ఒక తల్లి బిడ్డలైన భాషలు మరి.

అక్కడి నుంచి బార్సూర్. ఇంద్రావతి దగ్గర్లో, ఛిందక నాగవంశీ రాజుల పాత రాజధాని. ముప్పై రెండు స్తంభాల బత్తీసా ఆలయం, మామా భాంజా ఆలయం, పక్కపక్కనే కూర్చున్న రెండు పెద్ద రాతి వినాయకులు. ఇవన్నీ చూసి వచ్చేస్తారు అందరూ. తెలుగువాళ్లు ఇంకో మాట తెలుసుకుని రావాలి. బార్సూర్‌లో ఒక తెలుగు శాసనం దొరికింది. శక సంవత్సరం 983, అంటే క్రీస్తుశకం 1060-61. నాగవంశీ రాజు ధారావర్షుడి సామంతుడు చంద్రాదిత్యుడు, తెలుగు చోడ వంశస్థుడు, అక్కడ శివాలయం కట్టించి, చెరువు తవ్వించి, ఆ సంగతి తెలుగులో రాతి మీద రాయించాడు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి పాలన ముగింపుకొచ్చిన రోజులవి. నన్నయ భారతం పుట్టిన కాలం. గోదావరి ఒడ్డున మన ఆదికావ్యం రూపు దిద్దుకుంటున్న కాలంలోనే, ఇక్కడ ఇంద్రావతి ఒడ్డున కూడా తెలుగు ఉంది. మా నాన్నగారు వచ్చిన కాలం నుంచి తొమ్మిది వందల ఏళ్లు వెనక్కి వెళితే, మాకంటే ముందే మా భాష ఈ నేలకు చేరింది.

దంతేవాడలో దంతేశ్వరి గుడి శంఖినీ, డంకినీ వాగుల సంగమంలో ఉంటుంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి బస్తర్ రాజ్యాన్ని నిలబెట్టాడని ఆ రాజవంశం చెప్పుకుంటుంది. డెబ్బై అయిదు రోజులు జరిగే బస్తర్ దసరా ఆ రాజులనాటిదే. అందులో రావణుణ్ణి కాల్చరు. దంతేశ్వరి అమ్మవారి పేరిట గిరిజనులు చెక్కతో కొత్త రథం కట్టి లాగుతారు. ఒక్కొక్క పని ఒక్కొక్క ఊరివాళ్లది, ఒక్కొక్క కులంవాళ్లది.

ఇంద్రావతి జాతీయ ఉద్యానం బీజాపూర్ జిల్లాలో ఉంది. 1983 నుంచి పులుల అభయారణ్యం కూడా. అడవిగేదె పేరు చెబితే గుర్తొచ్చే అడవి అది. దశాబ్దాల హింస వల్ల అక్కడికి యాత్రికులు వెళ్లింది తక్కువ. వెళ్లాలనుకుంటే అటవీశాఖ కార్యాలయంలో ముందుగా అడిగి, వాళ్లు వద్దంటే మానుకోండి.

మూడో ఉద్యానం ఉత్తర దిక్కున. సత్యాన్నీ సమానత్వాన్నీ బోధించిన సత్‌నామీ గురువు గురు ఘాసీదాస్ పేరు దానికి పెట్టారు. ఆ ఉద్యానం ఉన్న కొరియా ప్రాంతంలోనే 1947లో మన దేశపు ఆఖరి చీతాలు మూడింటిని ఒక రాజు కాల్చాడు. 1952లో చీతా అంతరించిందని ప్రకటించారు. 2022లో మళ్లీ చీతాలు కావాలంటే నమీబియా నుంచి విమానంలో తెచ్చుకోవాల్సి వచ్చింది. అదే అడవిని పక్కనున్న తమోర్ పింగ్లా అభయారణ్యంతో కలిపి 2024 నవంబరులో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 2,829 చదరపు కిలోమీటర్లు. దేశంలో మూడో పెద్దది. మొదటిది మన నాగార్జునసాగర్-శ్రీశైలం. పోయిన జంతువు పేరు విని, ఉన్న అడవిని చూస్తే, కాపాడడం అంటే ఏమిటో పిల్లలకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కవర్ధా దగ్గరి భోరమ్‌దేవ్ గుడి, సుర్గుజాలోని రామ్‌గఢ్ గుహలు, తాలాలోని రుద్రశివ మూర్తి, ఇలా చెప్పుకుంటూ పోతే ఈ సమయం చాలదు. ఒక్కొక్కటీ ఒక్కొక్క సెలవుకు దాచుకోండి.

చివరిగా రెండు మాటలు. మొదటిది, చూడ్డానికి వెళ్లినచోట మన పేర్లు రాయకండి, రాయనివ్వకండి. సిర్పూర్‌లో పదమూడు వందల ఏళ్లు నిలిచిన ఇటుక మీద మేకుతో ఎవరో గీసిన అక్షరాలు చూసి నా మనసు చివుక్కుమంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచి, పిల్లల చేతిలో మేకు బదులు ఒక నోటుపుస్తకం పెట్టండి. చూసింది రాసుకోనివ్వండి, బొమ్మ వేసుకోనివ్వండి.

రెండో మాట నా తోటి తెలుగువాళ్లకు, భిలాయిలో ఉన్నవాళ్లకూ, రాయపూర్, బిలాస్‌పూర్‌లలో ఉన్నవాళ్లకూ. దల్లీ రాజ్‌హరా కొండల ఇనుమును, నందిని సున్నపురాయిని కరిగించి మనం సంసారాలు నడిపాం, పిల్లల్ని చదివించాం. ఈ నేల నుంచి ఇంత తీసుకున్నవాళ్లం ఈ నేలలో ఏముందో తెలుసుకోకుండా ఉండడం తప్పు. ఊరికి వెళ్లడం మానమని నేను అనను. ఏడాదికి ఒక్క సెలవును ఇక్కడి అడవికో, ఇక్కడి గుడికో ఇవ్వమంటున్నాను.

వచ్చే నవంబరు ఒకటో తేదీలోగా ఒక్క చోటైనా చూసి రండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఈ ఆదివారం దేవబలోద వెళ్లండి. పొద్దుగూకేలోపు చేరుకోండి, తోడుగా ఇంట్లో ఒక చిన్నపిల్లనో, పిల్లవాణ్ణో తీసుకెళ్లండి.